రసాయన శాస్త్రంలో వెన్నెముక లాంటి అధ్యాయాలు ఏవి, వాటిని ఏ వరుసలో చదవాలి?

ప్రశ్న అడిగినవారు: అసంపూర్తి సమీకరణం

నమస్కారం. విశ్వవిద్యాలయంలో చేరడానికి ముందు చదివే రెండేళ్ల కోర్సులో నేను మొదటి ఏడాది రసాయన శాస్త్రం పూర్తి చేసి, రెండో ఏడాది సగంలో ఉన్నాను. మార్కులు మరీ తక్కువేమీ కావు. పాఠ్యపుస్తకంలో చేసి చూపించిన లెక్క లాంటిదే మళ్లీ వస్తే చేసేస్తాను, నిర్వచనాలు అప్పజెప్పమంటే అప్పజెబుతాను. ప్రశ్నను కాస్త పక్కకు తిప్పి అడిగితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తోచదు. పరమాణు నిర్మాణం, రసాయన బంధం, ఉష్ణగతిక శాస్త్రం, సమతాస్థితి, గతిశాస్త్రం, విద్యుత్ రసాయన శాస్త్రం, సమన్వయ సమ్మేళనాలు, కర్బన రసాయన శాస్త్రం, ఇలా ఒక్కో అధ్యాయాన్నీ ఒక్కో గదిలో పెట్టి తాళం వేసినట్టు చదివాననీ, గదుల మధ్య తలుపులు ఉన్నాయన్న సంగతే పట్టించుకోలేదనీ ఈ మధ్యే తెలిసివచ్చింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇటీవల రాసిన పరీక్షలో 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణానికి పీహెచ్ ఎంత అని అడిగారు. సూత్రం కంఠతా వచ్చు కనుక, ఒక్క క్షణం కూడా ఆగకుండా 8 అని రాసి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. దిద్దినవారు ఆ 8 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'నీళ్లలో ఆమ్లం పోస్తే క్షారమవుతుందా?' అని మాత్రం రాశారు. సూత్రంలో తప్పు లేదు, లాగరిథమ్‌లో తప్పు లేదు, అయినా వచ్చిన జవాబుకు అర్థం లేదు. తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియలేదు.

చివరి పరీక్షలకు ఇంకా కొన్ని నెలల సమయం ఉంది. మిగిలినవన్నీ ఆనుకుని నిలబడే అధ్యాయాలు ఏవో, వాటిని ఏ వరుసలో పట్టుకోవాలో తెలిసినవారు చెప్పగలరా? అకర్బన రసాయన శాస్త్రాన్ని, కర్బన చర్యలను బట్టీ పట్టడం తప్ప మార్గం లేదని తోటివారు అంటున్నారు. అది నిజమో కాదో కూడా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

సమాధానం: పాత బ్యూరెట్

నేను చాలా ఏళ్లు ప్రయోగశాలలో విద్యార్థుల పక్కన నిలబడి పనిచేసినవాణ్ని, కనుక నా జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. మీ పట్టికలో మోల్ భావన లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. అది మొదటి వారంలోనే ముగిసిపోయే చిన్న అధ్యాయమనీ, నాలుగు సూత్రాలు గుర్తుంటే సరిపోతుందనీ అందరూ అనుకుంటారు. నా దృష్టిలో మాత్రం మిగతా అధ్యాయాల్లో కనిపించే తప్పుల్లో సగానికి మూలం అక్కడే ఉంటుంది.

10 గ్రాముల హైడ్రోజన్‌ను 64 గ్రాముల ఆక్సిజన్‌తో మండిస్తే ఎంత నీరు వస్తుందని అడగండి. హైడ్రోజన్ 10 గ్రాములే ఉంది కాబట్టి అదే ముందు అయిపోతుందని చాలామంది ఊహిస్తారు. అయితే అణువులు ఒకదానితో ఒకటి లెక్క ప్రకారం కలుస్తాయి తప్ప బరువు చూసుకుని కలవవు. హైడ్రోజన్ 5 మోల్‌లు, ఆక్సిజన్ 2 మోల్‌లు ఉన్నాయి. ఒక మోల్ ఆక్సిజన్‌కు రెండు మోల్‌ల హైడ్రోజన్ కావాలి కనుక, ఆక్సిజన్ పూర్తిగా ఖర్చయ్యేసరికి 4 మోల్‌ల హైడ్రోజనే ఖర్చవుతుంది, 4 మోల్‌ల నీరు వస్తుంది, అంటే 72 గ్రాములు, ఇంకా 2 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. 72కు 2 కలిపితే 74, మొదట తీసుకున్నదీ 74. ఈ చివరి సరిచూపు చేయడానికి పది సెకన్లు కూడా పట్టదు, కానీ చేసేవారు చాలా అరుదు.

ఇక ప్రయోగశాల సంగతి. ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢతను నిర్ణయించే అంశమాపనం (టైట్రేషన్) మీరు చేసే ఉంటారు. 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం తయారు చేయమంటే, సీసాలో ఉన్న స్ఫటికాల్లో ప్రతి అణువుతోనూ రెండు నీటి అణువులు ఉన్నాయన్న సంగతి మరిచిపోయి, మోలార్ ద్రవ్యరాశిని 126కు బదులు 90గా తీసుకునేవారు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు తేలేవారు. వారు 1.575 గ్రాములకు బదులు 1.125 గ్రాములే తూచేవారు. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్క్‌లోకి తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, అర నిమిషం పాటు నిలిచే లేత గులాబీ రంగు వచ్చేవరకు బ్యూరెట్‌లోంచి క్షారాన్ని వదిలితే, 20 మిల్లీలీటర్ల దగ్గర ఆగవలసిన రీడింగు 14.3 దగ్గరే ఆగిపోయేది. ఆ 14.3 చూడగానే, పుస్తకం తెరవకుండానే తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయేది, ఎందుకంటే 90ని 126తో భాగిస్తే 0.714, దాన్ని 20తో గుణిస్తే 14.3. చేతి వణుకు వల్ల వచ్చే తప్పు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. భావనలో ఉన్న తప్పు మాత్రం ప్రతిసారీ ఒకే చోటికి తీసుకువెళ్తుంది.

ఒక చిన్న పక్కమాట. వాయువు మోలార్ ఘనపరిమాణం ఒక పుస్తకంలో 22.4 లీటర్లనీ, మరో పుస్తకంలో 22.7 లీటర్లనీ కనిపిస్తే కంగారు పడకండి. ఉష్ణోగ్రత రెండింటిలోనూ 273.15 కెల్విన్‌లే. పీడనం 1 అట్మాస్ఫియర్ అనుకుంటే మొదటిది, 1 బార్ అనుకుంటే రెండోది వస్తుంది. అలాగే మోల్ నిర్వచనం కూడా 2019లో మారింది. కార్బన్-12 పన్నెండు గ్రాముల్లో ఉన్నన్ని పరమాణువులు అన్న పాత మాట స్థానంలో, సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు అన్న స్థిరసంఖ్య వచ్చింది. లెక్కలు చేసే పద్ధతి దీనివల్ల ఏమీ మారలేదు.

మీ మొదటి పది రోజులూ మోల్ భావనకూ, ద్రావణాల గాఢతలకూ, ఆక్సీకరణ సంఖ్యలకూ ఇవ్వండి. సమతాస్థితి గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

సమాధానం: రెండు బాణాలు

పాత బ్యూరెట్ గారితో నేను ఏకీభవిస్తాను. అయితే మోల్ భావన పునాది మాత్రమే. ఈ కోర్సుకు నడిమి దూలం ఏదని అడిగితే నేను సమతాస్థితి అనే చెబుతాను. ముందుగా మీ 8 సంగతి చూద్దాం.

మీరు ద్రావణంలో ఆమ్లాన్ని చూశారు, నీటిని చూడలేదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీరే 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. మీరు పోసిన ఆమ్లం ఇచ్చేది 10⁻⁸, అంటే నీరు తనంతట తాను ఇచ్చేదానిలో పదోవంతు. 0.1 మోలార్ ఆమ్లంలోనైతే నీటి వాటా 10⁻¹³ మాత్రమే కనుక దాన్ని వదిలేసినా నష్టం లేదు. ఇక్కడ వదిలేస్తే మిగిలేదే లేదు. నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్ల గాఢతను ఒక అజ్ఞాత రాశి అనుకోండి. హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత కూడా అంతే ఉంటుంది, ఎందుకంటే హైడ్రాక్సైడ్‌కు నీరు తప్ప వేరే మూలం లేదు. ఆ రాశిని, దానికి 10⁻⁸ కలపగా వచ్చిన మొత్తంతో గుణిస్తే 10⁻¹⁴ రావాలి. ఈ వర్గ సమీకరణాన్ని సాధిస్తే నీటి వాటా 9.5 × 10⁻⁸, మొత్తం హైడ్రోజన్ అయాన్లు 1.05 × 10⁻⁷, పీహెచ్ 6.98 అని వస్తుంది. కొందరు 10⁻⁷ను, 10⁻⁸ను నేరుగా కూడి 6.96 అంటారు. అది దగ్గరగానే ఉన్నా సరైనది కాదు, ఎందుకంటే బయటి నుంచి ఆమ్లం చేరగానే నీటి అయనీకరణం కొద్దిగా వెనక్కి తగ్గుతుంది. ఆ తగ్గుదలే సమతాస్థితి, మిగతాది అంకగణితం.

ఇదే ఆలోచనను బఫర్ దగ్గరకు, అంటే కొద్దిగా ఆమ్లమో క్షారమో చేరినా పీహెచ్ అంతగా మారని ద్రావణం దగ్గరకు తీసుకువెళ్లండి. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ రెండూ 0.1 మోలార్ చొప్పున ఉన్న ఒక లీటరు ద్రావణం పీహెచ్ సుమారు 4.74. అందులో 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఎసిటేట్ 0.09కి తగ్గుతుంది, ఎసిటిక్ ఆమ్లం 0.11కి పెరుగుతుంది, పీహెచ్ 4.65కు దిగుతుంది. అంతే ఆమ్లాన్ని ఒక లీటరు స్వచ్ఛమైన నీటిలో పోసి ఉంటే పీహెచ్ 7 నుంచి ఏకంగా 2కు పడిపోయేది. బఫర్ సూత్రాన్ని కంఠస్థం చేసినవారికి ఈ రెండు సంఖ్యల మధ్య తేడా వింతగా తోచదు, ఎందుకంటే వారు రెండో లెక్క చేసి ఉండరు. మీరు రెండూ చేయండి.

విద్యార్థులు అతి తరచుగా కలగాపులగం చేసే మరో జంట సమతాస్థితి, చర్యా వేగం. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా ఏర్పడే చర్యను తీసుకోండి. రెండు మోల్‌ల అమ్మోనియా ఏర్పడేటప్పుడు దాదాపు 92 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. సమతాస్థితిని కదిపితే అది ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందనే లె షాటెలియే సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత ఎంత తగ్గితే దిగుబడి అంత ఎక్కువ కావాలి. మరి పరిశ్రమల్లో 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు ఎందుకు వేడి చేస్తారు? చల్లగా ఉంటే చర్య సాగదు. నైట్రోజన్ అణువులోని త్రిబంధం అంత సులువుగా విడివడదు. ఎంత అమ్మోనియా ఏర్పడగలదు అన్న ప్రశ్నకు సమతాస్థితి స్థిరాంకం జవాబు చెబుతుంది, అది ఎంతసేపట్లో ఏర్పడుతుంది అన్న ప్రశ్నకు ఉత్తేజన శక్తి జవాబు చెబుతుంది. ఇనుప ఉత్ప్రేరకం రెండో జవాబును మార్చగలదు, మొదటిదాన్ని మార్చలేదు. 1913లో జర్మనీలోని ఓపావులో పారిశ్రామికంగా మొదలైన ఈ ప్రక్రియ నిజానికి ఆ రెండు జవాబుల మధ్య కుదిరిన రాజీ. ఈ పనికి జర్మన్ శాస్త్రవేత్త హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి, అధిక పీడన సాంకేతికతకు బాష్‌కు 1931లో మరొకటి దక్కాయంటే ఆ రాజీ ఎంత కష్టమైనదో ఊహించుకోవచ్చు.

ఈ రెండు అధ్యాయాలను విడదీసి చూడకపోవడం వల్ల వచ్చే తప్పు మరొకటి కూడా ఉంది. సమతాస్థితి స్థిరాంకంలో ఘాతాంకాలు తుల్య సమీకరణం నుంచి వస్తాయి, రేటు సమీకరణంలో ఘాతాంకాలు ప్రయోగం నుంచి మాత్రమే వస్తాయి. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటనం సమీకరణంలో దాని ముందు 2 ఉంటుంది, అయినా ఆ చర్య ప్రథమ క్రమాంక చర్యే.

ఇక మీరు వేర్వేరు గదులన్న వాటిలో మూడింటి మధ్య గోడలే లేవని చూపిస్తాను. జింక్, రాగి ఎలక్ట్రోడ్‌లున్న డేనియల్ ఘటం ప్రమాణ విద్యుచ్ఛాలక బలం 1.10 వోల్టులు. రెండు ఎలక్ట్రాన్లు మారుతున్నాయి కనుక 2ను, ఫారడే స్థిరాంకమైన 96,485ను, 1.10ను గుణించి ఋణ గుర్తు పెడితే గిబ్స్ శక్తి మార్పు సుమారు −212 కిలోజౌళ్లు. ఇంతవరకు ఇది విద్యుత్ రసాయన శాస్త్రం, ఇప్పుడు ఉష్ణగతిక శాస్త్రంలోకి వచ్చాం. అదే −212 కిలోజౌళ్లను 8.314, 298 విలువలతో సమతాస్థితి స్థిరాంకంగా మారిస్తే 10³⁷ను మించిన సంఖ్య వస్తుంది, అంటే రాగి సల్ఫేట్ ద్రావణంలో జింక్ కడ్డీని ముంచితే చర్య దాదాపు పూర్తిగా ఒకవైపే నడుస్తుంది. వోల్టు మీటరు చూపిన 1.10, కెలోరీమీటరుతోనూ ఎంట్రోపీ పట్టికలతోనూ లెక్కగట్టగల −212, మనం కాగితంపై రాసిన 10³⁷, ఈ మూడూ ఒకే విషయాన్ని మూడు భాషల్లో చెబుతున్నాయి. ఈ లెక్కను ఒకసారి మీ చేత్తో మొదటి నుంచి చివరి వరకు చేయండి. నా మటుకు నాకు ఈ కోర్సు మొత్తంలో దీనికి సాటివచ్చే అరపేజీ లేదు.

సమాధానం: కర్బన గొలుసు

కర్బన చర్యలను బట్టీ పట్టడం తప్ప మార్గం లేదన్న మాటను నేను ఒప్పుకోను, అయితే ఆ మాట ఎందుకు పుడుతుందో తెలుసు. పుస్తకాలు చర్యలను ప్రమేయ సమూహాల వారీగా పేరుస్తాయి కనుక, ఆల్కీన్‌ల చర్యలు పదిహేను, ఆల్కహాల్‌ల చర్యలు పన్నెండు అని లెక్కపెట్టుకుంటూ పోతాం. ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న చోటు నుంచి తక్కువగా ఉన్న చోటుకు వెళ్తాయన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని, ప్రతి చర్యలోనూ ఇచ్చేవారెవరు, పుచ్చుకునేవారెవరు అని అడిగితే ఆ చర్యల్లో అధిక భాగం అయిదారు కుటుంబాల్లోకి సర్దుకుంటాయి.

ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్‌ను కలిపితే 2-బ్రోమోప్రొపేన్ ఎందుకు వస్తుంది? మార్కోవ్నికోవ్ నియమం వల్ల అన్నది జవాబు కాదు, అది జవాబుకు పెట్టిన పేరు. ద్విబంధంలోని ఎలక్ట్రాన్లు ముందు ప్రోటాన్‌ను అందుకుంటాయి. అది చివరి కార్బన్‌కు చేరితే ధనావేశం మధ్య కార్బన్‌పై ఉంటుంది, మధ్య కార్బన్‌కు చేరితే ధనావేశం చివర ఉంటుంది. మధ్య కార్బన్‌కు రెండు పక్కలా కార్బన్‌లు ఉన్నాయి, అవి ఎలక్ట్రాన్ సాంద్రతను కొంత అందించి ఆ ధనావేశాన్ని తేలికపరుస్తాయి. స్థిరమైన కార్బోకాటయాన్ (ధనావేశమున్న కార్బన్ అయాన్) వేగంగా ఏర్పడుతుంది, బ్రోమైడ్ అయాన్ అక్కడికే వచ్చి చేరుతుంది. పెరాక్సైడ్ సమక్షంలో జవాబు 1-బ్రోమోప్రొపేన్‌గా తిరగబడటానికి కూడా ఇదే తర్కం పనికివస్తుంది. అప్పుడు ముందు వచ్చి చేరేది ప్రోటాన్ కాదు, బ్రోమిన్ స్వేచ్ఛా ప్రాతిపదిక. వచ్చే వరుస మారింది కాబట్టి స్థానమూ మారింది.

రెండు బాణాలు గారు చెప్పిన సమతాస్థితి ఇక్కడ కూడా వదలదు. ఆమ్ల బలాన్ని తెలిపే పీకేఏ ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది. ఇథనోల్ పీకేఏ సుమారు 16, ఫినోల్‌ది సుమారు 10, ఎసిటిక్ ఆమ్లానిది 4.76, కార్బోనిక్ ఆమ్లానిది సుమారు 6.4. సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో ఎసిటిక్ ఆమ్లం వేస్తే బుసబుసమని బుడగలు వస్తాయి, ఫినోల్ వేస్తే రావు. ఈ పరీక్షను పట్టికలో ఒక వరుసగా గుర్తుపెట్టుకోవచ్చు, లేదా కార్బోనిక్ ఆమ్లం కన్నా బలమైన ఆమ్లమే దాన్ని దాని లవణం నుంచి తరిమివేయగలదని ఆ నాలుగు సంఖ్యల నుంచి చెప్పవచ్చు. ఇక ఫినోల్ ఇథనోల్ కన్నా పది లక్షల రెట్లు బలమైన ఆమ్లం ఎందుకయిందంటే, ప్రోటాన్ పోయాక మిగిలిన ఋణావేశం వలయంలోకి వ్యాపించగలదు. ఇథనోల్‌లో అది ఆక్సిజన్‌పైనే నిలిచిపోవాలి.

రెజొనెన్స్, అంటే ఎలక్ట్రాన్లు ఒకే బంధంలో నిలవక అణువులో వ్యాపించడం, అనేది బొమ్మల ఆట అనిపించేవారికి బెంజీన్ అంకెలు చూపించడం నా అలవాటు. సైక్లోహెక్సీన్‌లో ఒక ద్విబంధాన్ని హైడ్రోజనీకరిస్తే మోల్‌కు సుమారు 120 కిలోజౌళ్లు వెలువడతాయి. మూడు ద్విబంధాలుంటే 360 రావాలి. బెంజీన్ ఇచ్చేది 208 మాత్రమే. మిగిలిన 152 కిలోజౌళ్లు బెంజీన్ ముందుగానే ఖర్చు పెట్టేసి స్థిరపడిందన్నమాట. బంధ దైర్ఘ్యాలు కూడా అదే సాక్ష్యం చెబుతాయి. ఏకబంధం 154 పికోమీటర్లు, ద్విబంధం 134, బెంజీన్‌లోని ఆరు బంధాలూ సమానంగా 139. కాబట్టి బంధం అధ్యాయాన్ని సరిగా చదవకుండా కర్బన రసాయనంలోకి దూకకండి.

సమాధానం: ఆరో సమన్వయ సంఖ్య

అకర్బన రసాయన శాస్త్రం గురించి ఎవరూ మాట్లాడకపోతే అన్యాయమవుతుంది. మొదటే ఒక నిజం ఒప్పుకోవాలి: ఇక్కడ బట్టీ కొంత తప్పదు. జ్వాలా పరీక్షలో ఏ లోహం ఏ రంగునిస్తుందో, ఏ అవక్షేపం ఏ రంగులో ఉంటుందో కూర్చుని ఊహించి చెప్పలేం. అయితే ఆ భాగం అనుకున్నంత పెద్దది కాదు.

ఆవర్తన పట్టికను మొదట భావనగా చదవండి. గాలియం మూలకం 1875లో దొరికినప్పుడు, దాన్ని కనుగొన్న లెకాక్ ద బ్వాబోద్రాన్ సాంద్రత 4.7 అని ప్రకటించాడు. ఆ మూలకాన్ని కళ్లతో చూడని మెండలీవ్, తన పట్టికలో ఖాళీ ఉంచిన గడి ప్రకారం అది 5.9 దగ్గర ఉండాలనీ, నమూనాను మరింత శుద్ధి చేసి మళ్లీ కొలవమనీ రాశాడు. కొలిస్తే 5.9 వచ్చింది. పట్టికలోని పోకడలు ఇంత బలమైనవి కనుకనే, అవి తప్పిన చోట్లు పరీక్షల్లో ప్రశ్నలవుతాయి. నైట్రోజన్ నుంచి ఆక్సిజన్‌కు వెళ్తే అయనీకరణ శక్తి పెరగాలి. కానీ అది 1402 నుంచి 1314 కిలోజౌళ్లకు తగ్గుతుంది, ఎందుకంటే నైట్రోజన్‌లో మూడు పి-ఎలక్ట్రాన్లు తలో ఆర్బిటాల్‌లో ఒంటరిగా ఉన్నాయి, ఆక్సిజన్‌లో నాలుగోది ఒకదానితో జత కట్టి వికర్షణను భరించాలి.

అందరినీ తికమకపెట్టే మరో సంగతి: ఇనుములో 4ఎస్ ముందు నిండుతుందని నేర్పి, ఎలక్ట్రాన్లు పోయేటప్పుడు కూడా 4ఎస్ నుంచే ముందు పోతాయంటారు. నింపడం అన్నది ఒక పరమాణువు నుంచి తరువాతి పరమాణువుకు, కేంద్రకంలో ప్రోటాన్ కూడా పెరుగుతూ, మనం వేసే కాగితపు మెట్లు. ఎలక్ట్రాన్ తీసివేయడం ఒకే పరమాణువులో, కేంద్రకం మారకుండా జరిగే సంఘటన. రెండూ ఒకదానికొకటి వెనక్కి తిప్పిన సినిమా కావు. ఇనుము పరమాణువులో 4ఎస్ ఎలక్ట్రాన్లే బయటి అంచున ఉన్నాయి కనుక అవే ముందు పోతాయి, ఫెర్రస్ అయాన్‌లో 3డి⁶ మిగులుతుంది.

సమన్వయ సమ్మేళనాలను పేర్లు పెట్టే విద్యగా కాక, రసాయన శాస్త్రవేత్త వెర్నర్ ముందున్న చిక్కుముడిగా చదవండి. కోబాల్ట్ క్లోరైడ్‌కు ఆరు, అయిదు, నాలుగు అమ్మోనియా అణువులు చేరిన మూడు సమ్మేళనాలు ఉన్నాయి. మూడింటిలోనూ క్లోరిన్‌లు మూడే. అయినా సిల్వర్ నైట్రేట్ పోస్తే మొదటిదాంట్లో మూడు మోల్‌లు, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో ఒక్క మోల్ సిల్వర్ క్లోరైడ్ మాత్రమే అవక్షేపంగా దిగుతుంది. మిగిలిన క్లోరిన్‌లు ఎక్కడ దాక్కున్నాయి? అమ్మోనియా ఖాళీ చేసిన చోట లోహానికి నేరుగా అంటుకుని ఉన్నాయి. ఈ మూడింటిలోనూ లోహం చుట్టూ ఆరు స్థానాలే. వెర్నర్ 1893లో ఈ మాట చెప్పి, 1913లో నోబెల్ అందుకున్నాడు. ఇక్కడ కూడా తెల్లటి అవక్షేపాన్ని తూచి మోల్‌లు లెక్కపెట్టడమే పని, కాబట్టి పాత బ్యూరెట్ గారి పది రోజులు వృథా పోవు.

ప్రశ్న అడిగినవారు: అసంపూర్తి సమీకరణం

అందరికీ కృతజ్ఞతలు. పాత బ్యూరెట్ గారి సమాధానం చదవగానే నా ప్రయోగశాల రికార్డు పుస్తకం తీసి చూశాను. సోడియం హైడ్రాక్సైడ్ గాఢత 0.14 మోలార్ అని నా దస్తూరీలోనే ఉంది, పక్క పుటలో ఆక్సాలిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 90 అని ఉంది. ఆ రోజు ఇతరులకు 0.1 వస్తే నాకు 0.14 రావడానికి బ్యూరెట్ కారుతోందని సర్దిచెప్పుకున్నాను.

డేనియల్ ఘటం లెక్క రెండుసార్లు చేశాను. మొదటిసారి కిలోజౌళ్లను జౌళ్లలోకి మార్చడం మరిచిపోయి స్థిరాంకం 1 దగ్గర వచ్చింది. జింక్ కడ్డీపై రాగి పూత పడటం కళ్లారా చూసి ఉన్నాను కనుక ఆ 1 తప్పని ఈసారి నాకే తోచింది. నీటి గురించి కూడా ఒకటి ప్రయత్నించాను. 60 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ సుమారు 6.5 అని చదివి, అది ఆమ్లమా అని ముందు తడబడ్డాను. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు రెండూ సమానంగానే పెరిగాయి కనుక అది తటస్థమే అని రాసుకున్నాను. సరేనా?

మరొక సందేహం. అమ్మోనియా సమతాస్థితిలో ఉన్న మూసిన పాత్రలోకి, ఘనపరిమాణం మార్చకుండా, ఆర్గాన్ వాయువును పంపితే మొత్తం పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే మోల్‌లు తక్కువ ఉన్న వైపు, అంటే అమ్మోనియా వైపు జరగాలి కదా? జవాబు పుస్తకంలో మార్పు లేదని ఉంది.

సమాధానం: రెండు బాణాలు

60 డిగ్రీల నీటి విషయంలో మీరు రాసుకున్నది సరైనదే. తటస్థత అంటే రెండు అయాన్లు సమానంగా ఉండటం. 7 అనేది 25 డిగ్రీల దగ్గర మాత్రమే దానికి గుర్తు.

ఆర్గాన్ విషయంలో మీ జవాబు పుస్తకమే సరి. లె షాటెలియే సూత్రంలోని 'పీడనం' అన్న మాట మిమ్మల్ని దారి తప్పించింది. సమతాస్థితి స్థిరాంకంలో మొత్తం పీడనం ఎక్కడా కనిపించదు, నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియాల పాక్షిక పీడనాలే ఉంటాయి. పాత్ర పెద్దది కాలేదు, ఆ మూడు వాయువుల మోల్‌లు మారలేదు, కనుక వాటి పాక్షిక పీడనాలూ మారలేదు. ఆర్గాన్ వచ్చి పక్కన కూర్చుంది, అంతే. సందేహం వచ్చినప్పుడు సూత్రం మాటలను పక్కనపెట్టి, చర్యా భాగఫలాన్ని (స్థిరాంకపు సూత్రంలోనే ఆ క్షణంలోని పాక్షిక పీడనాలు పెడితే వచ్చే విలువను) లెక్కగట్టి స్థిరాంకంతో పోల్చండి.

ఇదే ప్రశ్నను మొత్తం పీడనం స్థిరంగా ఉంచి అడిగితే జవాబు మారుతుంది. ఆర్గాన్ చేరేకొద్దీ పాత్ర వ్యాకోచించి ఘనపరిమాణం రెట్టింపైందనుకోండి. మూడు వాయువుల పాక్షిక పీడనాలూ సగమవుతాయి. భాగఫలంలో లవం అమ్మోనియా పీడనపు వర్గం కనుక అది నాలుగో వంతుకు, హారంలో నైట్రోజన్ ఒకసారి, హైడ్రోజన్ మూడుసార్లు గుణించబడి ఉన్నాయి కనుక అది పదహారో వంతుకు తగ్గుతాయి. భాగఫలం స్థిరాంకానికి నాలుగు రెట్లవుతుంది. అది మళ్లీ స్థిరాంకానికి సమానమయ్యేవరకు కొంత అమ్మోనియా విడిపోయి నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా మారుతుంది.